మధ్య మూడు మిల్లీమీటర్లు

సోంపేట రైలుగేటు అవతల
మూతపడ్డ జీడి బట్టీలో ఈ వారమంతా ట్రేడ్ టెస్టులు.
గోడలకింకా జీడినూనె కంపు.
మూడు కంపెనీలు, మూడు రంగుల టోపీలు,
అందరికీ కావాల్సింది మాత్రం ఒకటే దేశం.

అక్కడ యుద్ధం ఆగి ఏడాది కాలేదు.
వంతెనలు కట్టాలట, నీళ్ల పైపులు వెయ్యాలట,
ఒక రేవు, రెండు ఆసుపత్రులు.
కాంట్రాక్టు ఇంకా ఎవరి చేతికీ రాలేదు.
ముందు టెండరు కాగితంలో చూపించాలి:
"నాలుగొందల మంది వెల్డర్లు, సిద్ధం."
ఆ నాలుగొందల్లో
బైపల్లి దండాసి నూట డెబ్బై మూడు.

పరీక్ష పెట్టేది నేను.
ఇరవై రెండేళ్లు మంటని చూసీ చూసీ
కుడికంట్లో చిన్న పొద్దొకటి ఉండిపోయింది,
రాత్రి కూడా కుంకదు.
రెండు ఇనుప పలకలిస్తాను, నడుమ మూడు మిల్లీమీటర్ల ఖాళీ.
ఊపిరి బిగబట్టి దాన్ని నింపాలి.
తర్వాత యంత్రం ఆ అతుకుని
వీపు విరిగేదాకా వంచుతుంది.
పగుళ్లు లేకపోతే విమానం.

కంపెనీ ఇంజినీరు మంచివాడే,
మా ఎండకి ఎర్రగా కమిలిపోయాడు.
కూలిన వంతెన ఫొటో చూపించాడు,
నదిలో మోకాళ్ల మీద పడినట్టుంది.
ఏ పలక ఎంత మందమో చూడకుండా చెప్పేశాడు.
ఎలా తెలుసన్నాను.
"మేమే కట్టాం, ముప్పై ఏళ్ల కిందట.
మళ్లీ మాకే రావాలి కదా" అన్నాడు,
తాకట్టులో పోయిన మడిచెక్క గురించి
మా పెదనాన్న మాట్లాడినట్టే.

దండాసి జీతం అడగలేదు.
నల్లద్దం పైకెత్తి ఫొటో చూశాడు, చాలాసేపు.
"అక్కడ గెడ్డ ఎంత ఎడల్పు సార్?"
నేను ఇంగ్లీషు చేశాను.
ఆరొందల మీటర్లు.
నేను తెలుగు చేశాను.
"మా వూరి గెడ్డ ముప్పయ్యే.
తొమ్మిదేళ్లయింది, నాలుగు స్తంబాలు నిలబెట్టి ఎల్లిపోనారు.
దానికెవుడూ రానేదేటి సార్?
మా గెడ్డకి యుద్దం నేదనా?"

అది ఇంగ్లీషు చెయ్యలేదు నేను.
ఇంజినీరు నావైపు చూస్తూ ఆగాడు.
"రాడ్డు తడిగా ఉందంటున్నాడు" అన్నాను.

ఫారంలో పదకొండో గడి నామినీ.
అక్కడికొచ్చేసరికి అందరి పెన్నూ ఒకలాగే ఆగుతుంది.
ఒకడు పెళ్లాం పేరు రాసి, కొట్టేసి, తల్లి పేరు రాశాడు,
మళ్లీ పెళ్లాం పేరు.
దండాసి తడుముకోలేదు.
దాలమ్మ, తల్లి, జీడిపిక్కలు కొట్టు కూలి.

అతుకు వంగింది.
పగల్లేదు.
ఇంజినీరు దాన్ని వెలుతురుకెత్తి
మామిడిపండు చూసినట్టు తిప్పితిప్పి చూశాడు.
టిక్కు పెట్టాడు.

షెడ్డు వెనక వంగిన అతుకుల కుప్ప,
కిలోల లెక్కన పాతసామాన్లకి పోతుంది.
అందులోంచి తనది ఏరుకుని
తువ్వాల్లో చుట్టుకుపోయాడు దండాసి.
అప్పటికింకా వేడిగానే ఉంది.

రెండు నెలల తర్వాత తెలిసింది:
కాంట్రాక్టు నాలుగో కంపెనీకి పోయింది,
ఇటు మొహమైనా చూపించని దానికి.
ఫోను చేసి చెప్పాను.
గెడ్డ దాటుతున్నట్టున్నాడు,
మాట వెనక నీళ్ల చప్పుడు.
"పోన్లెండి సార్. ఆ ముక్క బాగా పనికొస్తంది.
మాయమ్మ దాని మీదెట్టి పిక్కలు కొడతంది."
కాస్త ఆగి,
"ఎంత కొట్టినా ఇడిపోడం నేదు."

నాలుగో కంపెనీ వాళ్లకీ మనుషులు కావాలట.
ఈ ఆదివారం మళ్లీ టెస్టు, మళ్లీ మొదట్నుంచి.
ఫారాలొచ్చాయి, పదకొండో గడి అక్కడే ఉంది.
పలకలు కోసి జతలు జతలుగా పేర్చాను.
ఎడమకన్ను దగ్గరగా పెట్టి
నడుమ ఖాళీ కొలుస్తున్నాను.