మైకుసెట్టు పద్దు

నా దుకాణం నోటుబుక్కులో
ఆ గుంటల బతుకంతా పదకొండు పద్దులు.
బాక్సులు రెండు, ఆంప్లిఫయరొకటి, మైకొకటి.
అద్దె నాలుగొందలు. అడ్వాన్సు లేదు.
పేరు గడిలో: లాకౌట్.

"ఇదేటి పేర్రా?" అన్నాను.
"మిల్లు గేటుకి అంటించున్నాది బాబాయ్.
మా అయ్య రోజూ ఎల్లి సదువుకొస్తాడు.
ఊరందరికీ తెలిసిన పేరు గదాని
పెట్టీసినాం" అన్నాడు తవిటినాయుడు.
నెల్లిమర్ల నుంచి ముగ్గురూ ఒకే సైకిలు మీద వచ్చేవారు,
గిటారుతో కలిపి నలుగురు.

పాటలు ఎక్కడివంటే,
ఇమ్మానుయేలు మేనమామ కళింగపట్నం మనిషి,
ఓడ ఇంజినుకి గ్రీజు పూసే పని.
లివర్‌పూలు రేవులో రొట్టెల కొట్టువాడు
చిల్లర లేదని చేతిలో పెట్టిన క్యాసెట్టంట.
ఉప్పునీళ్ళు తగిలి వాళ్ళ పేరు చెరిగిపోయింది.
ఇటు ఆరు పాటలు, అటు అయిదు,
ఏదీ మూడు నిమిషాలు దాటదు.
కదిలిపోతున్న బస్సు వెనక పరిగెడుతూ
తిట్టుకుంటున్నట్టుంటాది.
ఆ తిట్లలోనే ఎక్కడో ఓ పిల్ల పేరుంటాది.

ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు ముగ్గురికీ.
ఆ వేగం మాత్రం అర్థమయింది.
అప్పలసూరి తాత తప్పెటగుళ్ళు కట్టినవాడు,
ఆ గుండెల మీది దెబ్బే
రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల మీదకి దించాడు వీడు.

పద్దు ఒకటి: కంటోన్మెంటు చర్చి, యూత్ మీటింగు.
పద్దు మూడు: కొత్తపేటలో పెళ్ళి. రెండో పాటకే ఆపించారు,
భోజనం మాత్రం పెట్టారు.
పద్దు అయిదు: మూడులాంతర్ల దగ్గర. మధ్యలో కరెంటు పోయింది.
చీకట్లో సూరి ఒక్కడే వాయిస్తా ఉన్నాడు,
తవిటినాయుడు మైకు లేకుండానే అరుస్తా ఉన్నాడు.
సంగీత కళాశాల నుంచి ఇంటికెళ్తున్న వీణ మేష్టారొకాయన
గొడుగు మడిచి, చివరిదాకా నిలబడి,
"శ్రుతి లేదు నాయనా" అన్నారు.
నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి
"అలాగని ఆపీకండి" అన్నారు.

పద్దు తొమ్మిది దగ్గర సిరా అలికిపోయింది, వాన.
మిల్లు గేటు ముందు, దీక్షా శిబిరం, నలభై ఏడో రోజు.
చాపల మీద తండ్రులు.
కొడుకులు పాడుతుంటే
ఎటు చూడాలో తెలియక నేల చూశారు.
ఎనిమిది నెలల జీతం మీద పాట,
రేషను షాపు మీద పాట,
స్పిన్నింగు సెక్షనులో పనిచేసే గౌరమ్మ కూతురి మీద పాట.
ఎప్పుడో తెలీదు,
ముసలి ఫిట్టరు ఒకాయన బొటనవేలు కదిలింది,
తర్వాత పాదం, తర్వాత చాప.
ఆ రాత్రి అద్దె అడగడానికి నాకు నోరు రాలేదు.
రాసుకున్నాను మరి. నాదీ యాపారమే.

పదకొండో పద్దు అయిన వారానికి
లాకౌట్ ఎత్తీసినారు.
ఊరంతా మిఠాయిలు.
సూరి తండ్రి బదులు బదిలీ కార్మికుడుగా లోపలికెళ్ళాడు,
రాత్రి షిఫ్టు.
ఇమ్మానుయేలు మామ వెనకాలే ఓడెక్కాడు.
తవిటినాయుడు ఒక్కడూ నెలరోజులు
నా దుకాణం మెట్ల మీద కూర్చుని
కేబుళ్ళు చుట్టి పెట్టి పోయేవాడు. తర్వాత రాలేదు.

ఏడేళ్ళకి ఇమ్మానుయేలు ఫోను చేశాడు లివర్‌పూలు నుంచే.
రొట్టెల కొట్టు కనిపించిందంట.
"ఆళ్ళా? నా తమ్ముడే డ్రమ్ములు కొట్టేవాడు.
పధ్నాలుగు నెలలు.
వ్యాను కాడ తగువు పడి విడిపోయారు.
ఆ టేపు నీ మామ చేతికిచ్చేనాటికే
బ్యాండు లేదు" అన్నాడంట ఆ ముసలాయన.
ఫోనులో ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.
నిమిషానికి ఎంత పడుతుందోనని నాకు భయం.

మొన్న దాసన్నపేటలో భజన.
"ఏమయ్యా లోకనాథం, నీ ఎడమ బాక్సు
బరబరమంటోంది, మార్పించవా?" అన్నారు.
మిల్లు గేటు దగ్గర చిరిగిన కోను అది.
"అదంతేనండి" అన్నాను,
వాల్యూము కొంచెం తగ్గించాను.