ఉదయం ఆరు దాకా వేయకండి

సాలిగ్రామంలో మూడో అంతస్తు.
కింద జిరాక్స్ షాపు, పైన నేను.
పంతొమ్మిదేళ్లుగా నా పని
పరాయి పేర్లను లావు అక్షరాల్లో పెట్టడం.

నెల్లూరు ఉస్మాన్ గారి దగ్గర నేర్చుకున్నాను.
ఆయన మోపెడ్ బుట్టలో గోధుమరంగు కవర్లు,
ఒక్కో కవర్లో రెండు స్టిల్స్, మడిచిన కాగితం ఒకటి.
వడపళని నుంచి మౌంట్ రోడ్డు దాకా
ప్రతి పత్రికాఫీసు గుమ్మంలో ఒక టీ.
"వార్త వేయించడం ఎంతసేపు పాపా,
ఆపమని అడగాలంటేనే
పదేళ్ల టీలు తాగి ఉండాలి" అనేవారు.
తెలుగు సినిమా పెట్టే బేడా సర్దుకుని
హైదరాబాదు లారీ ఎక్కినప్పుడు
ఆయన ఎక్కలేదు.
టీ బాకీలన్నీ ఇక్కడే ఉన్నాయట.

ఇప్పుడు కవర్లు లేవు, పద్నాలుగు వాట్సాప్ గ్రూపులు.
విడుదలైన ప్రతి పాటా మనసుకు హత్తుకుంటుంది,
ప్రతి కుర్రాడూ సంచలనమే.
ఒకసారి పాత నోట్‌లో పేరొక్కటే మార్చి పంపేశాను.
మర్నాడు ఏడు పేపర్లలో అచ్చయింది.
పట్టుకున్నది ఒక్కరే, తిలోత్తమ గారు.
"నా గొంతుకి రాసిన తేనెనే
ఆ పిల్లాడి డప్పుకీ పూశావేమే?"
నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఈ డిసెంబరులో, సభల ముందు,
నందనంలో ఓ క్లినిక్‌కి రమ్మన్నారు.
డాక్టరు సన్నటి గొట్టం లోపలికి దింపాడు.
తెర మీద చూశాను.
తేనె అని రాశాను, వెన్నెల అని రాశాను,
అరవైయ్యో పుట్టినరోజుకి గోదారి అని కూడా రాశాను.
అక్కడున్నవి తడి తడిగా
రెండు గులాబీ మడతలు.
నా చిటికెన వేలి గోరంత.
వాటి అంచున, బియ్యంలో రాయిలా, ఏదో.

మాట్లాడొద్దన్నారు ఆమెను.
కారులో నేనే మాట్లాడాను:
విరామం అందాం, విదేశీ పర్యటన అందాం,
వ్యక్తిగత కారణాలు అంటే ఎవరూ తవ్వరు.
నంది సిగ్నల్ దగ్గర, అదే, ఆ టర్నింగులో,
ఆమె నా ప్యాడ్ లాక్కుని
కరెంటు బిల్లు వెనక రాసుకున్నట్టు రాశారు:
"ఇక పాడలేను అని రాయి."

రాశాను.
ఒక్క విశేషణమైనా పెడదామని
అరగంట కూర్చున్నాను. ఎక్కడా పట్టలేదు.
పైన మాత్రం నా అలవాటు వాక్యం:
ఉదయం ఆరు దాకా వేయకండి.
రాత్రి పదింటికి నలభై రెండు మందికి పంపాను.

వెంటనే కార్తికేయన్ ఫోను.
"అక్కా, నిజమా?"
ఆగు తంబీ, ఆరు దాకా.
"మా అమ్మకి కూడా చెప్పకూడదా?"
చెప్పకు.
కాసేపు లైనులోనే ఉన్నాడు.
అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

ఒంటిగంట. రెండు.
పోటీ అంటే ప్రాణం తీసుకునే నలభై రెండు మంది,
ఒక్కరూ నోరు జారలేదు.
మూడింటికి లెక్క వేశాను,
ఉస్మాన్ గారివి ఎన్ని టీలు, నావి ఎన్ని అని.

అయిదున్నరకి కిందికి దిగాను.
టీ బండి మునుసామి అప్పుడే స్టవ్ వెలిగించాడు.
రేడియోలో ఆమె, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో,
ఎవరో హీరోయిన్ కోసం సిగ్గుపడుతోంది.
పాలవాడు సైకిలు మీదే ఆగి
చరణం అందుకున్నాడు, తప్పు శ్రుతిలో.

నా మొహంలో ఏం చూశాడో మునుసామి,
"సౌండు తగ్గించాలా అక్కా?" అన్నాడు.

వద్దు, ఉండనీ.
ఇంకా పది నిమిషాలుంది.