చన్నీళ్ళ కొళాయి

బర్కాలో ఆగస్టు నెలంటే
కొళాయి మీద నీలం చుక్క ఒక అబద్ధం.
మేడమీది ట్యాంకులో పగలంతా కాగి
చన్నీళ్ళే పొగలు కక్కుతూ దిగుతాయి.
తెలిసినవాళ్ళం గీజరు ఆపేసుకుని
అందులో నిలవున్న నీళ్ళతో స్నానాలు కానిస్తాం.
ఈ ఊళ్ళో ఎర్ర చుక్కే చల్లన.
రెండున్నరేళ్ళ పిల్లకి ఈ తిరకాసు ఎవరు చెప్పాలి?

నీలాన్ని నమ్మి తిప్పింది ఈశిత.
భుజం మీది ఎర్రదనం రెండు రోజుల్లో పోయింది.
ఆ తర్వాత మూడేళ్ళు
మా ఇంట్లో తలస్నానం ఏ రోజో
పక్కింటి మలయాళీ వాళ్ళకి కూడా తెలిసేది.

పాలగ్లాసుకి వాళ్ళమ్మ ఊదినట్టు
బకెట్‌కి ఊదేది, మగ్గుకి ఊదేది,
తుడిచిన నేల ఆరేదాకా దానికీ ఊదేది.
ఏడాదికోసారి పడే వాన
కారు అద్దం మీద చుక్కయితే, లోపలినుంచి ఊదింది.
"కాలుతుందేమో నాన్నా."

నా పని సంగతి కూడా చెప్పాలి.
ఊరి చివర ప్లాంటులో పన్నెండు గంటలు
సముద్రాన్ని సన్నటి పొరల గుండా నొక్కి
ఉప్పునొక దారిన, దాహాన్నొక దారిన పంపిస్తాం.
గంటగంటకీ గ్లాసులో పట్టి, మీటరు ముంచి, అంకె రాస్తాను.
అంత సముద్రం నా సంతకంతో ఊళ్ళోకి పోతుంది.
ఇంటికొస్తే
ఒక చెంబుడు నీళ్ళు కూతురి వీపున పొయ్యలేను.
నాకూ ఈత రాదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జువైనా టీచరు మెడలో విజిల్ ఉంటుంది.
అది ఊదగా ఇంతవరకూ వినలేదు.
హిందీలో మొదలెట్టి అరబ్బీలోకి జారి
కోపమొస్తే స్వాహిలీలోకి పోతుంది,
వాళ్ళ నాయనమ్మ జాంజిబార్ మనిషట.

మొదటి శుక్రవారం పిల్ల బూట్లే విప్పలేదు.
పూల్ గట్టున కూర్చుని పలకలు లెక్కపెట్టింది,
నూట పన్నెండు దాకా వచ్చి, తప్పిపోయి, మళ్ళీ ఒకటి.

రెండో శుక్రవారం చెంబు చేతికిచ్చి
"నా నెత్తిన పొయ్యి" అంది టీచరు.
పిల్ల ముందు చెంబులోకి ఊదింది.
టీచరు నవ్వలేదు. తలొంచుకుని ఆగింది,
చల్లారేదాకా.
అప్పుడు పోసింది. ఇంకోటి. ఇంకోటి.
పద్నాలుగు చెంబులయ్యాక
ఆమె భుజం తడిమి తడిమి చూసింది.

మూడోది దగ్గుతో పోయింది. నాలుగోది నా డ్యూటీతో.

ఐదో శుక్రవారం
పూల్‌లో నడుందాకా నిలబడి అంది టీచరు:
"ఇదంతా కరక్ చాయ్.
ఎవరో కాచి పెట్టి మరిచిపోయారు. చల్లార్చవూ?"
పిల్ల మెట్టు మీద వంగి ఊదింది.
"అంత దూరాన్నించి చల్లారుతుందా?"
ఇంకొంచెం. గడ్డం. కింది పెదవి.
ఊపిరి నీళ్ళలోకి జారి బుడబుడమంది.
అదిరిపడి తలెత్తింది.
రెప్పలకి నీళ్ళు, ముక్కుకి నీళ్ళు,
ఏడవడానికి తెరిచిన నోరు
ఏం చెయ్యాలో తోచక కాసేపు అలాగే ఉంది.
"ఇంకా వేడేనా?"
పెదవి చప్పరించి ఆలోచించింది,
కూరలో ఉప్పు చూసే పెద్దముత్తైదువలా.
"కొంచెం."
మళ్ళీ వంగింది.

ఇప్పుడు దాన్ని ఈత అనలేం.
చేతులొక ఊరు, కాళ్ళొక ఊరు,
మధ్యలో నారింజ రంగు టోపీ.
నాలుగు గజాలు పోయి గట్టు పట్టుకుని
ఒమన్ అంతా విన్నట్టు దగ్గుతుంది.
ఇంట్లో నీలం చుక్కని మాత్రం నమ్మదు.
నమ్మక్కర్లేదు, ఆ విషయంలో న్యాయం దానివైపే.

మొన్న నేను ప్యాంటు మడిచి
తువ్వాలుతో రెండో మెట్టు మీద ఉన్నాను.
మూడో మెట్టు దగ్గర రంగు ముదురుతుంది.
"దిగు నాన్నా."
"డ్యూటీ ఉందమ్మా."
సెలవని దానికి తెలుసు.
నా చిటికెన వేలు పట్టుకుని
మొహంలోకి కాసేపు చూసి
నా ముందున్న నీళ్ళ మీద, నా కోసం,
బుగ్గలు పూరించి ఊదింది.

వంగాను.
తలెత్తేసరికి నాలుక, అలవాటుగా,
ఉప్పు వెతుకుతోంది.