తొమ్మిదో అంకె

ఒక్క అక్షరం తేడా.
బోర్డు మీద ఉన్నది బి,
నేను ఎక్కించిన ఫర్మ్‌వేర్ డి.
నూరు శాతం అని చూపించి మరీ
కళ్ళు మూసింది కంప్యూటర్.

ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది,
మనుషులు ఖాళీచేసిన గదిలో తిరిగినట్టు.

కుటైసీలో వాన.
గొడుగు దానికి పట్టి, నేను తడిసి
రియోనీ వంతెన దాటాను.
ఉషంగీ తిట్టలేదు. మూత విప్పి
గోరంత చిప్ ఎనిమిది కాళ్ళకీ
బట్టల క్లిప్పులాంటిది తగిలించాడు.
"పాతది దాచుకున్నావా?"
చెప్పులకంటిన బురద చూసుకున్నాను.

పక్కవీధి నోటరీ నానూలి దగ్గర
అచ్చం ఇలాంటిదే ఉందట.
రెండు రొట్టెలిచ్చి
దాని జ్ఞాపకం అప్పు తెచ్చాం.

తెర వెలిగింది.
నా ఫైళ్ళన్నీ గుర్తే,
తానెవరో మాత్రం తెలీదు.
నానూలి మిషను నంబరు చెబుతోంది.

బోర్లా తిప్పి, అడుగున స్టిక్కర్ మీద
దాని సొంత నంబరు చదివాను.
ఉషంగీ ఒక్కో అంకే కొట్టాడు.
తొమ్మిదోది అరిగిపోయింది.
మూడా? ఎనిమిదా?

"నువ్వే చెప్పు," అన్నాడు.
టీ చల్లారేదాకా ఆలోచించి
ఎనిమిది అన్నాను.

ఒప్పుకుంది.
ఏమో, అడ్డు చెప్పలేదంతే.