ఎర్ర లైటు

కొండమల్లేపల్లి చౌరస్తాల
డిండి బస్సు మలిగే కాడ మా షాపు.
షాపంటే ఏం లేదు, ఒక డబ్బా,
డబ్బా ముంగట రేకుల పందిరి,
పందిరి కింద మట్టయ్య మావ కుర్చీ.

మావ మెడ తిరగదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన మెడ.
పక్కకు ఎవరొచ్చినా మొత్తం మనిషే తిరగాలె,
కుర్చీతోని సహా.
డ్యాష్‌బోర్డు కింద దూరుడు, సీటు కింద చెయ్యి పెట్టుడు
అన్నీ నా వంతు.
ఆయన చెవులతోని చేస్తడు పని.

పొద్దుగూకంగ పాండు వచ్చిండు,
చందంపేట అవతల తండా,
తుఫాన్ బండి, ఎనక అద్దం మీద నెమలి బొమ్మ.
"అన్నా, పాట బందైంది. లైటు ఎర్రగైంది.
రేపు తీజు ఆఖరి దినం,
ఆడపిల్లలంత నా బండి దిక్కే చూస్తున్నరు."

మావ కండ్లు మూసుకున్నడు.
"ప్రొటెక్టుల పడ్డది.
పాడైంది కాదు బిడ్డా,
పాడు కావద్దని నోరు మూసుకున్నది.
ముందుగాల దాని భయమేందో అడుగు."

అడుగుడు షురూ చేసిన.
బ్యాటరీ కాడ పన్నెండున్నర,
యాంప్లిఫయర్ కాడ పన్నెండు మీద ఇంత.
"తిండి మంచిగనే అందుతుంది" అన్నడు మావ.
నల్లవైరు బోల్టు ఇప్పిన, కింద పెయింటు అట్లనే ఉన్నది.
ఉప్పుకాగితంతోని గీకిన
ఇనుము తెల్లగ మెరిసేదాక.
బిగించిన. ఎర్రదే.
స్టీరియో నుంచి వచ్చే వైర్లు గుంజిన. ఎర్రదే.
చూస్తుంది నన్ను,
బడి ఎగ్గొట్టిన పోరన్ని హెడ్‌సారు చూసినట్టు.

"స్పీకర్ వైర్లు ఇప్పు."

ఇప్పిన.
గడియ సేపు ఏం లేదు.
టిక్కుమన్నది.
పచ్చ.

పాండు చప్పట్లు కొట్టిండు. మావ కొట్టలే.
"ఇప్పుడు దొరికింది దొంగ కాదు,
దొంగ ఉన్న గల్లీ."

వూఫర్‌ను కొలిచిన, మూడున్నర ఓములు,
అది సుద్దపూస.
మీటరు ఒక కాలు వైరుకు, ఒక కాలు బండి ఒంటికి పెట్టిన.
కుయ్యిమన్నది, ఆపకుండ.

టార్చి పండ్ల నడుమ పట్టుకొని
ఆఖరి సీటు కింద పాకిన.
రాలిన మక్కగింజలు, బురద ఎండిన చెప్పు ఒకటి,
ఎవరి రవిక నుంచో ఊడిన అద్దం బిళ్ల,
అవతల, మ్యాటు లోపట్నుంచి,
వైరు నడుమ నుంచి,
రేకుల దాక దిగిన స్క్రూ.

మా డబ్బాలదే స్క్రూ.
పోయిన అయితారం
కలుపుకు పోయే కూలోళ్ల కోసం ఇంకో సీటు పెట్టియ్యమంటే
కరెంటు పోతదని ఉరికిచ్చి ఉరికిచ్చి బిగించింది
నేనే.

కొద్దిసేపు అక్కడనే పండుకున్న.
బయటికొస్తే చెప్పాలె.

"ఏమున్నది రా?"
"వైరు కోసుకపోయింది మావా.. ఆ.. "
కుర్చీ కిర్రుమన్నది.
మొత్తం మనిషి నా దిక్కు తిరిగిండు.
నా మొఖం చూసిండు, మూసిన పిడికిలి చూసిండు,
మళ్ల మొత్తం మనిషి పాండు దిక్కు తిరిగిండు.
"ఎలుక.
చెలక పక్కపొంటి పెడ్తవ్ గద బండి, ఎలుక కొరికింది."

పాండు తన బాసల ఎలుకల వంశాన్నంత తిట్టిండు.
నేను తలకాయ ఎత్తకుండ
వైరు కోసి, అతికి, టేపు చుట్టి,
రబ్బరు పైపుల ఎక్కించి ఇంకో దారిన తీసిన.
ఆన్ చేస్తే
పక్క హోటల్‌ల చాయ్ గ్లాసులు గజగజ వణికినయి.
ఐదువందల నోటు తీసిండు పాండు.
"చాయ్ పైసలియ్యి చాలు" అన్నడు మావ,
"ఎలుక పనికి బిల్లెయ్యను."

డబ్బా మూసేటప్పుడు ఇప్పుడంటడు అనుకున్న.
"మీటరు బందు చేసినవా?" అని మాత్రం అడిగిండు.

చింతపల్లి రోడ్డు మీద
నా బండి ఎనక కూసుండి వస్తున్నడు మావ.
ఆయన పక్కకు చూడలేడు,
నేను ఎనకకు చూడలే.
గుంత వచ్చినప్పుడల్ల
జేబుల స్క్రూ
తొడకు గుచ్చుతుంది.