పదకొండో మజిలీ

తలనొప్పిగా ఉంటే నీళ్ళు తాగండి.
ఏడువేల అడుగుల ఎత్తులో ఉన్నారు మీరు,
ఇక్కడి గాలి పిసినారిది.
నా పేరు ఒనోఫ్రే. ఇది సాంటా ఫే.
ఈ వ్యానుకి పదిహేడేళ్ళు,
నేను చెప్పబోయే మాటలకీ అంతే వయసు.

కుడివైపు చూడండి.
సాయంత్రానికి ఆ కొండలు ఎర్రబడతాయి.
వాటికి క్రీస్తు రక్తమని పేరు పెట్టింది ఎవరో
కంపెనీవాళ్ళిచ్చిన కాగితంలో లేదు.
మా నానమ్మ మాత్రం వాటిని చూసి
రేపు బట్టలు ఆరతాయో లేదో చెప్పేది.

ఇది గవర్నర్ల భవనం.
వసారా నీడలో దుప్పటి పరిచి
ప్యూబ్లోల నుంచి వచ్చినవాళ్ళు
వెండీ టర్కాయిస్ రాళ్ళూ అమ్ముతారు.
దయచేసి బేరమాడకండి.
పోయినేడు ఒకాయన సగానికి అడిగితే
ఆ ముసలామె ఏమీ అనలేదు,
చెవిపోగుల జతలోంచి ఒకటి తీసి
అతని చేతిలో పెట్టింది.

ఇక్కడ దిగండి, లొరెటో గుడి.
నడుమ స్తంభం లేకుండా
రెండు చుట్లు తిరిగి పైకెళ్ళిన చెక్కమెట్లు.
కట్టిన వడ్రంగి కూలి పుచ్చుకోకుండా
మాయమైపోయాడని కథ.
అందరూ నోరు తెరుచుకుని వింటారు.
కూలి ముట్టకుండా పనిచేసినవాళ్ళు
మా వాడలో ఇంటికొకరు ఉండేవారు.
వాళ్ళనెవరూ అద్భుతం అనలేదు.

ఆ గుట్ట మీద తెల్ల శిలువ.
ఎక్కితే ఊరంతా ఒక్క చూపులో,
కుండలు ఆరబెట్టిన కుమ్మరి వాకిలిలా.
పడమట, దూరంగా, రాత్రిళ్ళు వెలిగే దీపాలు
లాస్ అలమోస్‌వి.
అక్కడ ఏం తయారుచేశారో
మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇళ్ళన్నీ మట్టిరంగులో ఉన్నాయేమని
ప్రతి ట్రిప్పులో ఒకరడుగుతారు.
రూలండీ. ఊరి నడిబొడ్డున
గోడ మట్టిలా కనిపించి తీరాలి.
కనిపిస్తే చాలు.
లోపల సిమెంటున్నా ఇనుమున్నా
మునిసిపాలిటీ గోకి చూడదు.

మా నానమ్మ యుఫేలియా గోకి చూసేది.
ఏటా మంచు కరిగాక
గడ్డీ ఇసకా మట్టీ తొక్కి,
అరచేత్తో అలికి, గొర్రెతోలుతో నునుపు తేల్చి,
కోపమొస్తే గోడతోనే పోట్లాడేది.
గోడకి దాహమేస్తుందనేది.
నేను నవ్వేవాణ్ణి.
అప్పటికి నాకు గోడలంటే
బంతి తగిలి తిరిగొచ్చే చోటు.

ఇక ఇది గ్యాలరీల వీధి,
కాగితం ప్రకారం పదో మజిలీ, చివరిది.
అసేకియా కాలువ వెంట నెమ్మదిగా పోతుంటే
"ఆ నీలం తలుపు! ఆపండి!" అంది
ముందు సీటు పిల్ల.
ఆపాను.
గుమ్మం ముందు నిలబడ్డాను, ఊరికే,
కాళ్ళకి అలవాటైన జాగాలో.

"అంకుల్, కొంచెం జరుగుతారా?
ఫోటోలో పడుతున్నారు."

జరిగాను.

తలుపు నీలం మునుపటి నీలం కాదు.
లోపల ఒక బొమ్మ అమ్మకానికి ఉందట,
ఇదే తలుపు బొమ్మ,
ఖరీదు మేం ఇల్లమ్మినప్పుడు వచ్చినదాంట్లో
మూడో వంతు.
నేనిప్పుడుండేది ఊరికి దక్షిణాన,
రేకు ఇంట్లో. అక్కణ్ణుంచీ కొండలు కనిపిస్తాయి,
టిక్కెట్టు లేదు.

అంతలో జూలై వాన.
ఇక్కడి వాన చెప్పి రాదు, చెప్పకుండా పోతుంది.
అందరూ పరుగున వ్యానెక్కారు.
అద్దాలు మూస్తుంటే
వెనక సీటులో పొద్దుట్నుంచి
ఒక్క ఫోటో తీయని పెద్దావిడ
ముక్కు పైకెత్తి అడిగింది:
"ఏమిటీ వాసన?"

సిమెంటుకి తడిస్తే వాసన రాదు.
పెరటివైపు, చెత్తడబ్బాల వెనకాల,
నడుమెత్తు గోడ ఒకటి
ఎవరూ పూతవేయడం మరిచిపోయారు.
అది నీళ్ళు తాగుతోంది.

కాగితం మడిచి జేబులో పెట్టాను.
"ఎడమవైపు చూడండి" అన్నాను,
అక్కడ కనిపించేదేమీ
లేదని తెలిసే.