పేరు రాయని కవరు

జూన్ వచ్చిందంటే మా వంటింటి క్యాలెండర్ మీద
తేదీలు కనబడవు, రేట్లే.
ఎర్ర సిరా పోస్టాఫీసుది,
నీలం సూపర్‌మార్కెట్‌ది,
పెన్సిలు మాత్రం ఫ్రీమన్ వీధి చివర
నగలు తాకట్టు పట్టే కొట్టుది.
పెన్సిలు రేటు మీద మా ఎనిడ్‌కి
నమ్మకం తక్కువ, ఆశ ఎక్కువ.

గ్రిమ్స్‌బీలో వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది.
ఆ వానలో మూడు చోట్లకీ తిరుగుతుంది.
అద్దం వెనక కుర్రాడు "కమిషన్ లేదండీ" అంటే
"ఉత్తపుణ్యానికి ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు నాయనా,
ముందు రేటు చెప్పు" అంటుంది.
1.13
1.142
1.151, పెన్సిలుది.
అయిదువందల పౌండ్ల మీద పదిన్నర యూరోలు మిగులు!
బస్సు ఛార్జీలెంత,
తడిసిన బూట్లలో ఎన్ని పేపర్లు కుక్కాం,
అవి అడక్కూడదు.

బడి వంటగదిలో నలభై ఏళ్ళు
పిల్లల పళ్ళేల్లోకి బఠాణీలు గరిటతో కొలిచిన చెయ్యి అది.
యూరోల్ని అయిదు కవర్లలోకి వడ్డిస్తుంది:
భోజనం. బస్సు. ఐస్‌క్రీం. పోస్టుకార్డులు.
ఇంకోటి, ఎందుకైనా మంచిది.
చెప్పలేని కష్టానికి కూడా
మా ఇంట్లో ఒక పేరుంది, దాని మీద మొత్తం ఉంది.

లీడ్స్ విమానాశ్రయంలో మార్పిడి బోర్డు ముందు ఆగి
0.98ని ఫోటో తీసుకుంటుంది.
"దొంగలు!" అంటుంది, ముఖం వెలిగిపోతూ.
ఆమెకి సెలవు అక్కడే మొదలవుతుంది.

పోయినేడు
ఆమె బాత్రూం వరసలో నిలబడ్డప్పుడు
ఆ దొంగల దగ్గరికే నేను వెళ్ళాను.
నలభై పౌండ్లు ఇచ్చాను,
ముప్పైతొమ్మిది యూరోల ఇరవై సెంట్లు తీసుకున్నాను.
రసీదు వద్దన్నాను.
నాకు పేరు లేని డబ్బు కావలసి వచ్చింది.

పదహారో ఏట ట్రాలర్ ఎక్కినవాణ్ణి.
ఇరవైమూడో ఏట దిగాను.
ఎనిడ్ అన్న విల్ఫ్‌ని సముద్రం తీసుకుంది.
తీసుకున్నదాన్ని ఏ రేటుకైనా తిరిగిచ్చే కౌంటరు
దానికి లేదు.
పెళ్ళికి ముందు రోజు ఒట్టు వేయించుకుంది నాచేత.
ఆ తర్వాత ముప్పై ఏళ్ళు రేవులోనే ఐసు మోశాను,
పడవల వైపు వీపు పెట్టి.

పోర్చుగల్‌లో ఒల్యావ్ అని చిన్న ఊరు.
తెల్లారకుండా లేచాను, బూట్లు చేత్తో పట్టుకుని.
జెఫెరీను అనే ముసలాడు, నాకన్నా ముసలాడు,
ముప్పై అని వేళ్ళు చూపించాడు. బేరమాడలేదు.
(ఎనిడ్ ఉంటే ఇరవైకి దించేది.)
ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు.
వల లాగేటప్పుడు భాషేం అక్కర్లేదు,
"హా" అంటే చాలు.
చేతులకి అన్నీ గుర్తున్నాయి. మోకాళ్ళే మరిచిపోయాయి.

తిరిగొచ్చేసరికి కాఫీ ముందు కూచుని ఉంది.
కార్డు మిషను పౌండ్లా యూరోలా అని అడుగుతోంది,
యూరోలే నొక్కింది, ఎప్పటిలాగే, కుర్రవాడికి కారణం కూడా చెప్పి.
నా చొక్కా వైపు ఒక్కసారి ముక్కెగరేసి
"డబ్బెక్కడిది?" అంది.
చెప్పాను.
"ఎంతకి?"
అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.
0.98, అన్నాను.

ఆరు యూరోల ఎనభైనాలుగు సెంట్ల నష్టం గురించి
గురువారం దాకా మాట్లాడింది.
హోటల్ మెట్ల మీద, బస్సులో, దీపం ఆర్పాక కూడా.
సముద్రం గురించి ఒక్క మాటా అనలేదు.

ఈ ఏడు రేటు బాగాలేదు, పెన్సిలే 1.12 దాటలేదు.
నిన్న రాత్రి కవర్లు బల్ల మీద పరిచింది.
లెక్కపెట్టాను. ఆరు.
ఆరోదాని మీద ఏమీ రాయలేదు.
ఆమె పళ్ళు తోముకుంటుంటే తెరిచి చూశాను.
నలభై ఆరు యూరోలు.

పోయినేడు పెన్సిలు రేటుకి
నలభై పౌండ్లకి
సరిగ్గా అంతే వచ్చేవి.